బొబ్బిలి కోట, లండన్ అచ్చు



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు పొగడ్త పడని మనిషి. ఎదట ఎవరైనా పొగడ్డం మొదలుపెడితే కళ్లజోడు తీసి, అది అయిపోయేదాకా తుడుచుకుంటూ కూర్చునేవారు. అందుకని ఆ పని నేను చేయను. చరిత్ర గురించి ఎవరేం చెప్పినా ఆయన రెండే అడిగేవారు: "ఎక్కడ చదివావు? ఏ అచ్చులో?" మొదటిది అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్నే ఈవేళ నా విషయం.

బొబ్బిలి యుద్ధం గురించి మాట్లాడతానని ఆహ్వానంలో వేశారు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు నిండిన సభలో బొబ్బిలి కథ చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. నేను యుద్ధం గురించి చెప్పను. ఆ యుద్ధం మొట్టమొదట అచ్చులోకెక్కిన పుస్తకం ఒకటుంది, దాని గురించి చెబుతాను. కోట పడింది 1757 జనవరి 24న. ఆ పుస్తకం లండన్‌లో వెలువడింది 1778లో. మధ్యలో 21 ఏళ్లు. అచ్చు వేసినవాడు జాన్ నోర్స్ అనే పుస్తకాల వ్యాపారి, దుకాణం స్ట్రాండ్ వీధిలో. రాసినవాడు రాబర్ట్ ఓర్మ్. హిందుస్తాన్‌లో బ్రిటిష్ జాతి చేసిన సైనిక వ్యవహారాల చరిత్ర అని పొడుగాటి పేరు. మొదటి సంపుటం 1763లోనే వచ్చింది. బొబ్బిలి ఉన్నది రెండో సంపుటంలో.

ఓర్మ్ పుట్టింది మన దేశంలోనే, 1728లో, తిరువాంకూరు తీరాన అంజెంగోలో. తండ్రి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. కొడుకుని చదువుకి ఇంగ్లండ్ పంపించారు, తిరిగొచ్చి కలకత్తాలో కంపెనీ కొలువులో చేరాడు. 1754 నుంచి మద్రాసు కౌన్సిల్లో సభ్యుడు. కలకత్తా సిరాజుద్దౌలా చేతికి చిక్కిన కబురు వచ్చినప్పుడు క్లైవ్‌ని పంపాలని పట్టుబట్టిన వాళ్లలో ఈయనొకడు. అంటే బొబ్బిలి కోట తగలబడుతున్న జనవరిలో ఓర్మ్ మద్రాసులోనే ఉన్నాడు. మన తీరానికి ఉత్తరాన ఏం జరిగినా కబురు ఓడ మీదో, హర్కారా చేతో అక్కడికి చేరేది. 1758లో ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ బయల్దేరితే దారిలో ఓడని ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. చివరికెలాగో ఫ్రాన్సు మీదుగా ఇల్లు చేరాడు. మళ్లీ ఇండియా రాలేదు. మిగిలిన జీవితమంతా ఉత్తరాలు, దినచర్యలు, పటాలు పోగుచేసి ఈ చరిత్ర రాశాడు. కంపెనీ ఆయన్ని అధికార చరిత్రకారుడిగా నియమించి జీతం కూడా ఇచ్చింది. 1801లో పోయాడు. ఆయన పోగుచేసిన కాగితాలన్నీ ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మనిషి బొబ్బిలి చూడలేదు. బొబ్బిలిలో ఉన్నవాడెవడో చెప్పగా రాశాడు. ఎవడా చెప్పినవాడు?

1773లో ఓర్మ్ ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ బుస్సీ ఆయన్ని తన పల్లె బంగళాకి పిలిచి బాగా ఆదరించాడు. బుస్సీ అంటే మన జంగాలు పాడే బొబ్బిలి కథలోని బూసీయే: మార్క్విస్ ద బుస్సీ, 1751 నుంచి సలాబత్ జంగ్ పక్కన నిలబడి దక్కను రాజకీయం నడిపిన ఫ్రెంచి సేనాని. ఆయన మూలంగానే 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్ అనే నాలుగు సర్కార్లు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకి పట్టుబడి స్వదేశం చేరాక, ఆయనకి రెండో యుద్ధం మొదలైంది, కోర్టులో. ఫ్రెంచి కంపెనీ తనకి సొమ్ము బాకీ ఉందని లెక్కలు కట్టి 1764లో పారిస్‌లో ఒక మెమ్వార్ అచ్చువేయించాడు. సేనానుల స్మృతి గ్రంథాలు చాలావరకూ ఇలాగే పుడతాయి. రావలసిన డబ్బో, పోయిన పరువో వాటికి కారణం. బుస్సీ విషయంలో రెండూ ఉన్నాయి. ఓర్మ్ పుస్తకం బుస్సీ రాసింది కాదు, నిజమే. కానీ బొబ్బిలి పేజీలు చదువుతుంటే ఆ సేనాని స్మృతులు ఇంకొకరి కలంలోంచి వస్తున్నాయేమో అనిపిస్తుంది. నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే. 1778 నాటికి బుస్సీ బతికే ఉన్నాడు. పేరు నిలబెట్టుకోవాలనే తాపత్రయం తీరలేదు. 1783లో మళ్లీ సైన్యంతో కడలూరు వచ్చి 1785లో పాండిచ్చేరిలో పోయాడు. బతికున్న సేనాని ఒకడు, ఆయన ఇంటికి అతిథిగా వెళ్లొచ్చిన చరిత్రకారుడు ఒకడు: తొలి ముద్రణ తేదీ గుర్తుంటేనే ఈ ఇద్దరూ మనకి కనబడతారు. ఆ తర్వాత గెజిటీర్లలోనూ, ప్లీడర్ల కాగితాల్లోనూ, పాఠ్యపుస్తకాల్లోనూ "ఓర్మ్ ఇలా అన్నాడు" అని చెప్పుకుంటున్న మాటకి వెనక మనుషులు కనబడరు.

సేనాని పుస్తకం అనగానే ప్రపంచంలో అందరికీ గుర్తొచ్చేది అమెరికా అంతర్యుద్ధం నెగ్గిన జనరల్ గ్రాంట్ రాసిన ఆత్మకథ. గొంతు కేన్సర్‌తో, అప్పులతో, భార్యాబిడ్డలకి ఏదైనా మిగల్చాలనే ఆరాటంతో రాసి, ముగించిన కొద్ది రోజులకే 1885 జూలై 23న కన్నుమూశాడు. వేసినవాడు మార్క్ ట్వేన్. రెండు సంపుటాలు, ఊరూరా ఏజెంట్లు తలుపు తట్టి ముందుగా ఆర్డర్లు రాయించుకున్నారు, మూడు లక్షల సెట్లకి పైగా అమ్ముడుపోయాయి. ఆయన భార్యకి మొత్తం మీద నాలుగున్నర లక్షల డాలర్ల దాకా ముట్టింది. అన్ని వేశారు కనకే ఆ తొలి ముద్రణ ఈనాటికీ అమెరికా పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది, మామూలు గుడ్డ బైండుదైతే మరీ ఖరీదు కూడా కాదు. తోలు బైండుకే గిరాకీ. తమాషా ఏమిటంటే, అంత లాభం చూసిన ఆ ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. అప్పులు తీర్చుకోడానికి ట్వేన్ లోకమంతా ఉపన్యాసాలిస్తూ తిరుగుతూ 1896లో మన దేశం వచ్చాడు. మార్చి నెలాఖరున కలకత్తాలో ఓడెక్కి మద్రాసు మీదుగా సిలోను వెళ్లాడు. కళింగపట్నం, భీమిలి ఆయనకి కుడిచేతివైపు ఎక్కడో దూరాన దాటిపోయి ఉండాలి. బొబ్బిలి సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆయన ఊరుకునేవాడు కాడు.

ఇక పుస్తకం దగ్గరకి వద్దాం. విశాఖలో ఒక సేకర్త ఇంట్లో రెండో సంపుటం మొదటి భాగం చూశాను. పెద్ద సైజు, రెండు చేతులా పట్టుకోవాలి. చిరుగుగుడ్డల గుజ్జుతో చేసిన కాగితం. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సన్నటి గీతలు, వాటిని కోస్తూ ఎడంగా మరికొన్ని గీతలు కనిపిస్తాయి. కాగితం తీసిన అచ్చు జల్లెడ గీతలవి. రెండున్నర శతాబ్దాలు కావస్తున్నా కాగితం పెళుసెక్కలేదు. మన ఇళ్లలోని 1950ల నాటి తెలుగు నవలలు చేత్తో పట్టుకుంటే పొడి రాలుతున్నాయి, ఇది వంచితే వంగుతోంది. అక్షరాల్లో పాతకాలపు పొడుగు "ఎస్". చూపుకి "ఎఫ్" లా ఉండి మొదటి రెండు పేజీలు తడబడతాం. ప్రతి పేజీ అడుగున కుడిపక్క తర్వాతి పేజీ మొదటి మాట ముందే వేసి ఉంటుంది, బైండు కట్టేవాడు వరస తప్పకుండా. శీర్షిక పుటలో సంవత్సరం రోమన్ అంకెల్లో. ఒక పుస్తకాల పురుగు అట్ట దగ్గర దూరి, బెంగాల్ వ్యవహారాల మీదుగా సన్నటి సొరంగం తవ్వుకుంటూ వచ్చి, బొబ్బిలికి కొద్ది పేజీల ముందు ఆగిపోయింది. అది ఎక్కడ ఆగాలో తెలిసిన పురుగు.

ఆ పుస్తకంలో బొబ్బిలికి దక్కినవి కొన్ని పేజీలే. అదే సంపుటంలో ప్లాసీ ఉంది, చందుర్తి ఉంది, మచిలీపట్నం ఉంది. వాటి మధ్య ఓర్మ్ ఆగి ఈ చిన్న కోటకి చోటిచ్చాడు. చరిత్ర గతిని మార్చిన యుద్ధమని కాదు, అలాంటిది తాను ఇంకెక్కడా వినలేదని.

ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. విజయనగరం విజయరామరాజుకి పొరుగున ఉన్న బొబ్బిలితో ఏనాటి నుంచో పడదు. బుస్సీకి సర్కార్ల శిస్తు వసూలుకి విజయరామరాజు కావాలి. ఆ అవసరం చూసుకుని ఆయన బొబ్బిలి మీద ఫిర్యాదులు మోశాడు. బుస్సీ, బొబ్బిలి వదులుకుంటే బదులు వేరేచోట భూములిస్తానన్నాడు. బొబ్బిలి రాజు రంగారావు ఒప్పుకోలేదు. ఫిరంగులొచ్చాయి. కోట పెద్దది కాదు, పక్కకి రెండువందల గజాల చదరం, నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, చుట్టూ అడవి. తెల్లవారుతూనే ఫిరంగులు నాలుగు బురుజుల మీదా పేలాయి. తొమ్మిదింటికల్లా పిట్టగోడలు పగిలాయి. లోపలివాళ్లు ఆ గోడల మీద నిలబడి ముఖాముఖీ పోరాడారు. దాడి ఆపి మళ్లీ ఫిరంగులు మొదలెట్టారు. మధ్యాహ్నానికి ఇక నిలవదని రంగారావుకి తెలిసింది. నాయకుల్ని పిలిచి మాట్లాడాడు. కొందరు ఇళ్ల వైపు వెళ్లారు. ఇళ్లకి నిప్పు పెట్టారు. తప్పించుకోబోయిన ఆడవాళ్లనీ పిల్లల్నీ తమ చేతులతోనే చంపుకున్నారు. తిరిగొచ్చి గోడ మీద చచ్చేదాకా పోరాడారు. రంగారావు తుపాకిగుండు దెబ్బకి పడిపోయాడు. లొంగినవాడు లేడు.

లోపలికి వెళ్లిన సైన్యం నోట మాట రాలేదంటాడు ఓర్మ్. ఆ సమయంలో ఒక ముసలాయన ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, లా అనే ఫ్రెంచి అధికారి చేతిలో పెట్టాడు. ఈ పిల్లవాడు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా తాను బతికించాననీ చెప్పాడు. బుస్సీ ఆ కుర్రవాడికి, తండ్రికి ఇవ్వజూపిన భూములకే పట్టా రాయించాడు. అదీ కోట పడ్డాక ఆ పేజీల్లో బుస్సీ చేసిన మొదటి పని.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ వరసలో చదువుకుంటూ వెళ్తే బుస్సీ మోసపోయిన మంచివాడు, విజయరామరాజు మోసగాడు, రంగారావు మొండివాడు. ఫిరంగులు ఎవరివి? బుస్సీవి. చిన్న కోట మీద ఫిరంగులెక్కుపెట్టకపోతే ఇళ్లకి నిప్పు ఎవడు పెట్టుకునేవాడు? ఓర్మ్ ఈ ప్రశ్న అడగడు. ఇంగ్లీషువాడు ఫ్రెంచి సేనాని పట్ల ఇంత మర్యాద చూపిస్తే మనం దాన్ని ఉదారత అనుకుంటాం. కానీ నేరం ఇద్దరు జమీందార్ల నెత్తిన పడితే ఫ్రెంచివాడికీ, ఆ తర్వాత సర్కార్లు అందుకున్న ఇంగ్లీషువాడికీ ఇద్దరికీ హాయే. వీళ్లు తమలో తాము కొట్టుకు చచ్చారు, మేం మధ్యలో దుఃఖపడ్డాం అని చెప్పుకోవచ్చు. ఓర్మ్ కావాలని అలా రాశాడని నేననను. కానీ బుస్సీ ఇంట్లో విన్నవాడు బుస్సీ కళ్లతో చూస్తాడు. అంత వరకే.

మరి ఇది అంతర్యుద్ధమేనా? అవుననే అంటాను. అందుకు సాక్ష్యం ఓర్మే ఇచ్చాడు. కోట పడ్డ రాత్రి రంగారావు సైనికులు నలుగురు ఎవరూ తిరగని మూలన దాక్కుని, చీకటి పడ్డాక గోడ దిగి, విజయరామరాజు దండు గుండానే నడిచి అడవిలోకి పోయారట. ఎవరూ ఆపలేదు. ఎందుకంటే మాట్లాడే భాష ఒక్కటే. రెండు రోజులు అడవిలో ఉండి, దండులో సందడి సద్దుమణిగాక ఇద్దరు తిరిగొచ్చారు. మళ్లీ అదే మాట, అదే యాస. అడిగినవాడికి జవాబు చెప్పుకుంటూ రాజు డేరా దాకా వచ్చేశారు. వెనకవైపు నుంచి పాకి లోపలికి దూరారు. విజయరామరాజు చాలా భారీ మనిషి, సాయం లేకుండా లేవలేడు. ఒంటరిగా నిద్రపోతున్నాడు. ఇద్దరూ ఒకేసారి పొడిచారు. కాపలావాడు తుపాకి పేల్చినా తగల్లేదు. జనం లోపలికి దూసుకొచ్చేసరికి ఆ ఇద్దరూ పారిపోలేదు, శవాన్ని చూపించి మా పని అయిపోయిందన్నారు. అక్కడే చచ్చారు. శవం మీద ముప్ఫైరెండు పోట్లు. వీళ్లు తప్పితే ఆ పని పూర్తిచేయడానికి మిగతా ఇద్దరూ అడవిలో ప్రమాణం చేసి కాచుకున్నారు.

ఇందులో ఒక పేరు వినబడలేదని మీలో చాలామంది ఇప్పటికే కనిపెట్టి ఉంటారు. తాండ్ర పాపారాయుడు లేడు. రాజాం లేదు. ఓర్మ్ పుస్తకంలో చంపినవాళ్లకి పేర్లే లేవు. నలుగురు సైనికులు, అంతే. ఎన్నో ఉపన్యాసాల్లో, వార్తాపత్రికల ఆదివారం పేజీల్లో "పాపారాయుడి వీరత్వాన్ని ఓర్మ్ సైతం కీర్తించాడు" అని వింటూ చదువుతూ వచ్చాను. అలా అన్నవాళ్లెవరూ పుస్తకం తెరిచి చూసినవాళ్లు కారు. మాస్టారి రెండో ప్రశ్న ఇక్కడ అడగాలి: ఏ అచ్చులో?

పాపారాయుడు మన గొంతుల్లో బతికాడు. తంబురా, గుమ్మెట పట్టుకుని జంగాలు, వారికి వంతలు ఊరూరా తిరిగి పాడిన కథలో. అందులో పాపారాయుడు రంగారావు బావమరిది, ఆయన భార్య మల్లమ్మదేవి సోదరుడు. రాజాంలో ఉన్నాడు, కబురు సమయానికి అందలేదు, అందేసరికి కోట బూడిదయింది. డేరాలోకి వెళ్లింది ఆయన. వెంట వెళ్లినవాళ్లలో దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య పేర్లు వినిపిస్తాయి. ఆ కథ పెద్దాడ మల్లేశం పేరిట ఉంది. మల్లంపల్లి సోమశేఖర శర్మగారు పరిష్కరించిన ప్రతిని మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1956లో వేసింది. పండితుల పక్షాన దిట్టకవి నారాయణకవి పద్దెనిమిదో శతాబ్దం చివరే రంగరాయ చరిత్రము రాశాడు. అంటే కావ్యం ఉంది, కథ ఉంది. రెండూ ఓర్మ్ పుస్తకానికి కాస్త ఇటూ అటూ కాలంలోనివే. కానీ తాటాకు మీదా, గొంతులోనూ ఉండిపోవడంతో అచ్చులో ఓర్మ్ ఒక్కడే ఉన్నాడు, దాదాపు శతాబ్దం పాటు.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో కలిసి రాసిన పుస్తకంలో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివారు. జంగం కథలోనూ చరిత్ర చెప్పే తీరు ఒకటుందని వాదించారు. వాళ్లతో నాకు చాలావరకూ పేచీ లేదు. కాకపోతే ఒక్క సంగతి చేరుస్తాను. ఓర్మ్ పేర్లు చెప్పనివాళ్లకి కథలో పేర్లున్నాయి. ఓర్మ్ అడవిలో వదిలేసిన ఇద్దరున్నారు చూడండి, వాళ్లు చావలేదు. కోట మూలన ఎలా దాక్కున్నారో, గోడ ఎలా దిగారో బుస్సీకి చెప్పగలిగినవాళ్లు వాళ్లే. పొడిచిన ఇద్దరూ చెప్పడానికి బతకలేదు కదా. అడవి నుంచి ఇంటికొచ్చి వాళ్లు చెప్పిన మాట ఒక దారిన లండన్ చేరింది, ఇంకో దారిన జంగాల తంబురా చేరింది అని నేననుకుంటాను. ఇది రుజువు కాదు, ఊహ. కానీ పుస్తకం లేకుండా ఊహించలేం, కథ లేకుండా కూడా ఊహించలేం.

అచ్చయిన మాటకి ఉన్న బలం ఏ పాటిదో బొబ్బిలి వాళ్లకే బాగా తెలిసింది. మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు 1891లో పాత కోట చోట స్మారక స్తంభం నిలిపారు. ఆ తర్వాత తమ జమీందారీ చరిత్రని తామే ఇంగ్లీషులో రాసి, పెంచి, సవరించి 1907లో మద్రాసులో అచ్చువేయించారు. అదే ఏడు డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ కూడా వచ్చింది. రెండింటిలోనూ బొబ్బిలి అధ్యాయానికి పునాది ఓర్మే. ఓడినవాళ్ల వంశం తమ పరువు కోసం శత్రువు మిత్రుడి పుస్తకం మీద ఆధారపడాల్సి వచ్చింది. అందులో వాళ్లకి నష్టం లేదు. ఎందుకంటే ఓర్మ్ పేజీల్లో రంగారావుకి దక్కిన గౌరవం మామూలుది కాదు. నష్టం విజయనగరానికి. మంచాన పడుకుని ముప్ఫైరెండు పోట్లు తిన్న స్థూలకాయుడిగా విజయరామరాజు అచ్చులో ఉండిపోయాడు. ఆయన వంశంలోనే 1794 జూలైలో పద్మనాభం దగ్గర ఇంగ్లీషువాళ్లతో పోరాడి చచ్చిన ఇంకో విజయరామరాజు ఉన్నాడు. ఆయన గురించి చెప్పడానికి అప్పటికి ఓర్మ్ కొత్త సంపుటాలు రాయడం లేదు. ఆ పద్మనాభం తర్వాతే, చిన రంగారావుకి, అంటే ముసలాయన చెయ్యి పట్టుకుని బయటికొచ్చిన ఆ పిల్లవాడికి, బొబ్బిలి తిరిగొచ్చింది. అప్పటికి ఆయన పిల్లాడు కాడు, విజయనగరం చెరలు, నైజాం దేశవాసం అన్నీ చూసి నడివయసుకి చేరినవాడు.

సినిమా గురించి ఎక్కువ చెప్పను. 1964లో సి. సీతారామ్ తీసిన బొబ్బిలి యుద్ధంలో ఎన్‌టీ రామారావు రంగారావు, ఎస్వీ రంగారావు పాపారాయుడు. మన తరానికి కోట పడిపోవడం నలుపు తెలుపుల్లోనే గుర్తుండిపోయింది. ఇంకో తమాషా: పాపారాయుడి రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోది. జిల్లాల పునర్విభజనలో విజయనగరం జిల్లాకి వచ్చింది. బొబ్బిలి ఎలానూ విజయనగరం జిల్లానే. రెండున్నర శతాబ్దాల పగని రెవెన్యూ శాఖ ఒక్క గెజెట్‌తో తేల్చేసింది.

యుద్ధ ఫలితం మాత్రం ఓర్మ్ పుస్తకంలో ఆ తర్వాతి పేజీల్లో ఉంది, కానీ దాన్ని బొబ్బిలితో కలిపి చదివేవాళ్లు అరుదు. విజయరామరాజు పోయాక గద్దెనెక్కిన ఆనందరాజు బుస్సీ మీద మండిపోయాడు. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కుని బెంగాల్‌లో ఉన్న క్లైవ్‌కి కబురుపెట్టాడు, మీరు రండి, సర్కార్లు తీసుకోండి అని. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడింది. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచి కథ ముగిసింది. బొబ్బిలిలో కోట పడగొట్టి బుస్సీ నెగ్గించింది విజయరామరాజుని, పోగొట్టుకున్నది కూడా విజయరామరాజునే. ఆ డేరాలో పొడిచిన ఇద్దరూ తెలియకుండానే బుస్సీ కాళ్ల కింద మట్టి తవ్వేశారు. ఇంత ముఖ్యమైన ముక్క ఓర్మ్ చేతికి చిక్కి కూడా ఆయన దాన్ని ఎందుకు నొక్కి చెప్పలేదా అంటే, మళ్లీ ఆ పల్లె బంగళాయే గుర్తొస్తుంది నాకు.

శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావుగారు కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టినప్పుడు, పాత పత్రికల కోసం ఎందుకింత ఆరాటమని అడిగినవాళ్లున్నారు. సంకలనాలున్నాయి కదా, కథ దొరుకుతుంది కదా అని. కథ తొలిసారి ఎక్కడ, ఎప్పుడు, ఎవరి పక్కన అచ్చయిందో తెలిస్తేనే దాన్ని ఎవరి కోసం రాశారో తెలుస్తుందని ఆ సేకరణే జవాబు చెబుతుంది. కథకి ఏది వర్తిస్తుందో యుద్ధ చరిత్రకీ అదే వర్తిస్తుంది. మన రెండు జిల్లాల్లోనూ ఓర్మ్ తొలి ముద్రణ పేజీల్ని కథానిలయం లాంటి చోట, మల్లేశం కథ, రంగరాయ చరిత్రము పక్కన, వరసగా చూసుకునే ఏర్పాటు జరగాలని నా కోరిక. పుస్తకం కొనక్కర్లేదు, కొనలేం కూడా. ఆ పేజీల ఫోటోలు తెప్పించినా చాలు.

చివరగా ఒక వినతి, ముఖ్యంగా పాత జమీందారీ ఇళ్ల నుంచీ, ప్లీడర్ల ఇళ్ల నుంచీ వచ్చినవాళ్లకి. మీ అటకల మీద ఓర్మ్ అని పేరున్న పుస్తకం కనబడితే వెంటనే పాత పేపర్లవాడికి వేయకండి. ముందు శీర్షిక పుట చూడండి. 1861 ప్రాంతాన మద్రాసులో ఫరో కంపెనీ వాళ్లు వేసిన పునర్ముద్రణ మన ప్రాంతంలో ఎక్కువగా దొరుకుతుంది. అందులో "ఎస్" మామూలుగానే ఉంటుంది. అది కూడా పారేయదగ్గది కాదు, దాచండి. పొడుగు "ఎస్" ఉండి, కింద నోర్స్ పేరు, రోమన్ అంకెల్లో 1778 ఉంటే అది రెండో సంపుటం తొలి ముద్రణ. మొదటి సంపుటం దానితోపాటు ఉంటే దాని సంవత్సరం విడిగా చూడండి, ఎందుకంటే మొదటిది 1775లోనే రెండోసారి వేశారు, వేర్వేరు ముద్రణలని కలిపి ఒకే సెట్టుగా బైండు కట్టిన ప్రతులు చాలా ఉంటాయి. ఆ తర్వాత మడత పటాలు చూడండి. గోడకి తగిలించుకోడానికి పటాలు కోసేసి అమ్మే వ్యాపారులు ఎప్పుడూ ఉన్నారు, కోసిన అంచు లోపలి మడతలో కత్తిగాటులా కనబడుతుంది. అట్ట ఊడిపోయి ఉన్నా కొత్త బైండు కట్టించకండి, సెల్లో టేపు అసలే వేయకండి. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, చెద రాని చోట, పడుకోబెట్టి ఉంచండి. ఎవరికైనా చూపించాలంటే సంకోచించకుండా నాకు కబురు పెట్టండి, నేనే వస్తాను.